అంచనా వాళ్లది, అప్పు మనది

2023 డిసెంబరు 3న కామారెడ్డి ఓట్ల లెక్కింపు పూర్తయ్యే దాకా ఒక్కటే చర్చ. ముఖ్యమంత్రి కేసీఆర్ గెలుస్తాడా, పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి గెలుస్తాడా? హోటల్ కాడ ఇదే, బస్టాండులో ఇదే, టీవీలో ఇదే. మూడో పేరు ఎత్తితే నవ్వినోళ్లున్నారు. తీరా లెక్క తేలాక చూస్తే బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు, కేసీఆర్‌కు 59,911, రేవంత్ రెడ్డికి 54,916. ఉన్న ముఖ్యమంత్రీ, కాబోయే ముఖ్యమంత్రీ ఇద్దరూ ఒక్క చోటే ఓడిపోయారు.

గెలిచినోడూ ఓడినోళ్లూ అందరూ అగ్రకులాలోళ్లే. కాబట్టి ఆ గెలుపు మీద మాకు సంబరమూ లేదు, విచారమూ లేదు. మా ప్రశ్న వేరే. "ఖాయం, రాసిపెట్టుకోండి" అని గొంతు చించుకున్న పెద్దమనుషులు తెల్లారి ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. అదే టీవీలో, అదే కుర్చీలో కూచొని, ఫలితం అట్లా ఎందుకొచ్చిందో వివరంగా చెప్పారు. జరగబోయేది చెప్పలేనోడే జరిగినదానికి వ్యాఖ్యాత! వాళ్ల మాట నమ్మి పందెం కాసిన కూలోడి పైసలు మాత్రం పోయాయి.

ఒకటి గమనించండి. ఫలితాన్ని ముందే కనిపెట్టలేకపోవడం నేరం కాదు. ముక్కోణపు పోటీలో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ అదే ఏడాది జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ మీద అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్ లాంటి ఊర్ల రైతులు రోడ్డెక్కారు. తమ భూములను పారిశ్రామిక జోన్‌లో పెట్టారని కలెక్టరేట్‌ను ముట్టడించారు. చివరికి ప్లాన్ వెనక్కి పోయింది. ఆ గొడవలో ముందున్న మనిషికే తర్వాత ఓట్లు పడ్డాయి. ఊర్లోకి పోయి అడిగినోడు "ముగ్గురికీ పదికి మూడు వంతుల దాకా అవకాశం ఉంది" అని అయినా చెప్పేవాడు. ఆ మాట చెప్పినోడికి టీవీలో కుర్చీ దొరకదు. "ఖాయం" అన్నోడికే దొరుకుతుంది.

ఎన్నికల సంగతి వదిలేయండి, ఐదేళ్లకోసారి వచ్చేది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మేం తిరిగే వాడల్లో రోజూ ఎవడో ఒకడు మనకు "ఖాయం" అమ్ముతూనే ఉన్నాడు. బోరు పాయింటు పెట్టేటోడు "రెండించుల నీళ్లు ఖాయం" అంటాడు. గల్ఫ్ ఏజెంటు "కంపెనీ వీసా, పక్కా" అంటాడు. కోచింగు సెంటరోడు "కష్టపడితే నౌకరీ గ్యారంటీ" అంటాడు. ఉగాది నాడు గుడి అరుగు మీద అయ్యగారు పంచాంగం విప్పి ఫలానా రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని అంకెలతో సహా చదువుతాడు. అవమానాన్ని కూడా అంకెల్లో చెప్పగల శాస్త్రం అది! పోయిన ఉగాదికి చదివింది ఈ ఉగాదికి ముందర పెట్టుకొని, ఏది నిజమైంది ఏది కాలేదు అని ఎవరైనా సరిచూశారా? మేం మాత్రం ఇంతవరకు చూడలేదు.

వీళ్లందరిలో ఉమ్మడిగా ఉన్న గుణం ఇదే. అంచనా చెప్తారు. తప్పితే లెక్కకు దొరకరు. అంచనా వాళ్లది, దాని మీద తెచ్చిన అప్పు మనది. నూటికి మూడు రూపాయల మిత్తి మనది.

వేల ఏండ్లు మనల్ని అక్షరానికి దూరం పెట్టారని మనకు తెలుసు. అక్షరంతో పాటు ఇంకొకటి కూడా లాక్కున్నారు. రేపటి గురించి మాట్లాడే అధికారం. ముహూర్తం పెట్టేది ఒకడు, వాన ఎప్పుడు పడుతుందో చెప్పేది ఒకడు, పంట ఎంతొస్తదో రాసుకునేది పట్వారీ. మనం చెవులప్పగించి వినాలి.

నిజానికి అంచనా వేయడం మనకు రాని విద్య కాదు. పాత రోజుల్లో తెలంగాణ చెరువులకు తూము విప్పింది ఎవరు? నీరటికాడు. చాలా ఊర్లలో ఆ పని మాల మాదిగ ఇండ్లలోనే ఉండేది. చెరువులో నీటి మట్టం చూసి, ఇది ఎన్ని ఎకరాల వరికి సరిపోతది, చివరి మడికి అందుతదా లేదా, ఏ పొలానికి ముందు ఇడవాలె, ఎన్ని దినాలకోసారి ఇడవాలె అని తేల్చింది అతను. తప్పితే పది దినాల్లో పొలం ఎండి కనబడేది. పటేల్ తిట్లు పడేవి. తప్పుకు వెంటనే జవాబు దొరికేది కాబట్టి అతని కన్ను పదునెక్కింది. మాదిగ పెద్ద పచ్చితోలు చేతబట్టి ఇందులో ఎన్ని జతల చెప్పులు వెళ్తాయో చెప్పగలిగేవాడు. నాట్లకు పోయే అక్కలు నారుమడి చూసి ఇది ఎందరు కూలీలకు ఎన్ని రోజుల పనో ఈ రోజుకూ చెప్తారు. ముఠా మేస్త్రమ్మ ఆ లెక్క తప్పితే తన చేతి డబ్బు పోగొట్టుకుంటుంది.

అయితే ఆ కన్నుకు ఒక హద్దుంది. వారం పది దినాల్లో ఫలితం కనబడే పనిలోనే అది పదునెక్కుతుంది. బోరు, గల్ఫ్, కోర్టు కేసు, ఇల్లు కట్టే జాగా — ఇవి బతుకులో ఒకసారో రెండుసార్లో వచ్చేవి. ఫలితం తెలిసేసరికి ఏండ్లు గడుస్తాయి. ఏమనుకున్నామో మనకే యాదికుండదు. "నేను అప్పుడే చెప్పిన" అని ఊర్లో సగం మంది అంటారు. అందుకే వీటిలో కన్ను పదునెక్కాలంటే విడిగా తర్ఫీదు కావాలి.

ఆ తర్ఫీదు ఉందా? ఉంది. 1950లో అమెరికా వాతావరణ శాఖలో పనిచేసే గ్లెన్ బ్రయర్ అనే ఆయన, వాన పడే అవకాశం నూటికి ఇంత అని చెప్పేటోళ్లకు మార్కులెట్లా వేయాలో ఒక పద్ధతి రాశాడు. ఆ తర్వాత అక్కడి వాతావరణ నిపుణుల అంచనాలను సరిచూస్తే, వాళ్లు నూటికి 70 అన్న రోజుల్లో దాదాపు 70 రోజులు వాన పడ్డట్టే తేలింది. వాళ్ల తెలివి గొప్పదని కాదు. మన నీరటికాడి లాగే వాళ్లకూ తెల్లారితే జవాబు దొరుకుతుంది. దీనికి ఎదురుగా ఫిలిప్ టెట్లాక్ అనే పరిశోధకుడు రాజకీయ పండితుల్ని పట్టుకున్నాడు. 284 మంది చెప్పిన జోస్యాలు ఏండ్ల తరబడి పోగుచేసి 2005లో పుస్తకం వేశాడు. కండ్లు మూసుకొని చెప్పినదానికంటే వాళ్లు పెద్దగా మెరుగేమీ కాదు. పేరున్నోళ్లు ఇంకా అధ్వాన్నం. తర్వాత 2011 నుంచి 2015 దాకా ఆయనా, బార్బరా మెల్లర్స్ అనే ఆమె కలిసి వేల మంది మామూలు మనుషుల చేత అంచనాలు కట్టించారు. అందులో కొందరికి సుమారు ఒక గంట పాఠం చెప్పారు. ఏడాది పొడుగునా వాళ్ల అంచనాలు మిగతావాళ్లకంటే దాదాపు నూటికి పది వంతులు మెరుగ్గా ఉన్నాయి. ఒక్క గంట!

ఈ పరీక్షకు పైసలిచ్చింది అమెరికా గూఢచారి వ్యవస్థ. ఎవరి మీద బాంబు వేయాలో లెక్క చూసుకునే వాళ్లు. అది మాకు తెలుసు. రైలు పట్టాలు వేసింది కూడా మన మేలు కోరి కాదు. రైలెక్కడం మానలేదు కదా. వాళ్లు యుద్ధానికి నేర్చుకున్నదాన్ని మనం బోరు గుంట కాడ వాడుకుందాం.

ఎట్లా? కంప్యూటరు అక్కర్లేదు. చదువు రాని అవ్వ కూడా చేయొచ్చు. పది చింతగింజలు చాలు.

ముందు ప్రశ్న సరిగ్గా ఉండాలి. "ఈసారి కాలం మంచిగైతదా?" అనేది ప్రశ్న కాదు. ఎటు జరిగినా "నేనన్నట్టే అయింది" అనొచ్చు. పంచాంగం బతికేది అట్లాంటి ప్రశ్నల మీదనే. "ఆగస్టు 15 లోపల పోచారం అలుగు పారుతదా?" అనేది ప్రశ్న. తారీఖుంది, జాగా ఉంది, ఆ రోజు పోయి చూస్తే అవును కాదు అని తేలిపోతుంది. ఇప్పుడు నేల మీద రెండు గీతలు గీయండి. పారుతదనే వైపు ఎన్ని గింజలు, పారదనే వైపు ఎన్ని గింజలు పెడతారో ఎవరికి వాళ్లు పెట్టాలి. అందరివీ రాసుకోవాలి. ఆగస్టు 15 నాడు తప్పు వైపున్న గింజల్ని లెక్కబెట్టి, ఆ అంకెను దానితోనే హెచ్చించాలి. పారుతదని 8 గింజలు పెట్టారు, పారింది. తప్పు వైపు 2. రెండు రెళ్లు 4. పారలేదనుకోండి, తప్పు వైపు 8. ఎనిమిది ఎనిమిదులు 64. తక్కువ వచ్చినోళ్లే గట్టోళ్లు. ఎటూ తేల్చకుండా ఎప్పుడూ ఐదు ఐదు పెట్టేటోడికి ప్రతిసారీ 25 పడుతుంది. బ్రయర్ రాసిన పద్ధతి ఇదే, చింతగింజల్లోకి మార్చాం, అంతే.

ఈ లెక్కలో ఒక గమ్మత్తుంది. లోపల పదికి ఏడే అనిపిస్తున్నా బయటికి "ఖాయం" అని పది గింజలూ ఒకవైపే కుమ్మరించేవాడు ఓడిపోతాడు. అట్లాంటి ప్రశ్నలు పది వచ్చాయనుకుందాం, ఏడు నిజమై మూడు తప్పాయనుకుందాం. నిజాయితీగా ఏడు గింజలు పెట్టినోడికి ఏడుసార్లు తొమ్మిది, మూడుసార్లు 49. మొత్తం 210. ఖాయం అన్నోడికి ఏడుసార్లు సున్న, మూడుసార్లు నూరు. మొత్తం 300. అబద్ధానికి తొంభై అప్పు! ప్రగల్భానికి శిక్ష వేసే లెక్క ఇది. మన ఊర్లలో ఇన్ని తీర్పులు చెప్పే పెద్దమనుషులున్నారు, ఒక్కరు కూడా ఈ లెక్కకు ఎందుకు నిలబడరో ఇప్పుడు అర్థమవుతుంది.

బోరు సంగతి తీసుకోండి. కామారెడ్డి చుట్టుపక్కల అడుగున అంతా రాయి. రాతిలో పగులు తగిలితేనే నీళ్లు. పాయింటు పెట్టేటోడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తాడు, అది నిలబడ్డ కాడ బోరు వేయమంటాడు. మనం అతన్ని అడిగేది ఏమిటి? "పడ్తదా అన్నా?" "పడ్తది." అయిపోయింది. అడగాల్సింది వేరే. పోయిన ఐదేండ్లలో మన ఊర్లో ఎన్ని బోర్లు వేశారు? అందులో ఈ వేసవికి ఎన్ని పోస్తున్నాయి? ఇది ఏ శాస్త్రజ్ఞుడూ వచ్చి చెప్పక్కర్లేదు. ఒక పొద్దుటిపూట వాడవాడా తిరిగితే తేలుతుంది. ఇరవైలో ఎనిమిది పోస్తున్నాయి అనుకుందాం. అంటే గింజలు నాలుగు. అక్కడ మొదలుపెట్టాలి. ఆ తర్వాతనే "మన చెలక వాగు పక్కనుంది కదా" అని ఒక గింజ కలుపుకోండి, "మిట్ట మీదుంది" అని ఒకటి తీసేయండి. ముందు ఊరి లెక్క, తర్వాత మన లెక్క. మనం ఎప్పుడూ దీన్ని తిరగేసి చేస్తాం. మన చెలక, మన ఆశ, మన దేవుడు అని మొదలుపెట్టి ఊరి లెక్క దాకా రానే రాం.

ఇంకో మాట వింటుంటాం. "రెండు పోయినయి, మూడోది పడ్తది తియ్." ఎందుకు పడ్తది? భూమికి జాలి ఉందా? అదే ఎకరంన్నరలో రెండు బోర్లు దుమ్ము లేపాయంటే అడుగున పగుళ్లు తక్కువని కదా అర్థం. మూడోదానికి గింజలు తగ్గాలి గానీ పెరగకూడదు. ఇచ్చిన కొద్దిపాటి అసైన్డు భూమి, అదీ మిట్టనో రాళ్లనో. దాని మీద మూడో బోరు అప్పు. పత్తి మందు తాగినోళ్ల ఇండ్లకు పోయినప్పుడు వినిపించే కథలో ఈ మూడో బోరు ఎన్నిసార్లు వస్తుందో మనకు తెలుసు. మిషను పట్టుకొచ్చి సర్వే చేసే ఆఫీసరునైనా ఇదే అడగాలి. సార్, మీరు పెట్టిన పాయింట్లు ఎన్ని, పడ్డవి ఎన్ని? కొబ్బరికాయకొక న్యాయం, మిషనుకొక న్యాయం లేదు.

గల్ఫ్ ఏజెంటుకూ ఇదే ప్రశ్న. "నువ్వు పంపిన చివరి పదిమంది ఎవరు? అందులో ఎందరు చెప్పిన జీతానికి చెప్పిన పని చేస్తున్నారు?" పేర్లు చెప్పమంటే నసిగేవాడికి పాసుపోర్టు ఇవ్వొద్దు. ఇక్కడ కన్ను చేసే మోసం ఒకటుంది. ఊర్లో దుబాయి పైసలతో కట్టిన బిల్డింగు కనబడుతుంది, దానికి గులాబీ రంగు కూడా వేసి ఉంటుంది. మిత్తి కట్టలేక రాత్రికి రాత్రి ఇల్లు విడిచి భివండికి పోయిన కుటుంబం కనబడదు, వాళ్లింటికి తాళమే ఉంటుంది. కనబడేవాటినే లెక్కబెడితే గింజలన్నీ ఒకవైపే పోతాయి. తాళాలు కూడా లెక్కబెట్టాలి.

2021లో దళిత బంధు వచ్చింది. ఎల్లారెడ్డి పక్కన నిజాంసాగర్ మండలాన్ని ప్రయోగం కోసం ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఒకటిగా ప్రకటించారు. కుటుంబానికి 10 లక్షలు. అది ఓట్ల కోసమా, ప్రేమ కోసమా అనే చర్చ చాలా జరిగింది. జరగని చర్చ ఇంకోటుంది. కారు కొనాలా, బర్రెలు కొనాలా, టెంటు హౌసు పెట్టాలా? పుట్టి బుద్ధెరిగాక చేతికి రాని సొమ్ము ముందర పెట్టి నాలుగు దినాల్లో తేల్చమన్నారు. షావుకారు కొడుకు దుకాణం పెట్టేముందు పది దుకాణాలు నడవడం, ఆరు మూతపడడం ఇంట్లోనే చూసి ఉంటాడు. మనోడికి ఆ చూపు ఎవరిచ్చారు? ఒక్క ఊర్లో ఎన్ని కార్లకు కిరాయి దొరుకుతుంది, పక్కోడు కూడా కారే కొంటే నా కారుకు ఎన్ని రోజులు పని అనే లెక్క ముందే వేయించాల్సిన అధికారులు ఫోటోలు దిగి పోయారు. స్కీములు మారుతూనే ఉంటాయి. ఏ స్కీము వచ్చినా సొమ్ముకు ముందు ఈ తర్ఫీదు ఇవ్వాలని మేం అడుగుతున్నాం.

అన్నిటికంటే భయపెట్టేది వాన లెక్క. 2025 ఆగస్టు 27, 28 తారీఖుల్లో కామారెడ్డి మీద ఆకాశం విరుచుకుపడింది. అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. కామారెడ్డి పట్నంలో కాలనీలు మునిగాయి. 1922లో పూర్తయిన పోచారం కట్ట మీదుగా నీళ్లు దుంకుతుంటే తెగుతదేమోనని దిగువన ఊర్లన్నీ వణికాయి. కట్ట నిలబడింది. తర్వాత అందరి నోటా ఒకటే మాట. "నూరేండ్లకోసారి వచ్చే వాన. వచ్చింది, పోయింది. మన జమానాలో ఇగ రాదు."

ఈ మాట మనుషుల్ని చంపే మాట. ఎట్లాగో చూడండి. నూరేండ్లకోసారి అంటే నూరు గింజల సంచిలో ఒకటి నల్ల గింజ అని అర్థం. ఏటా చెయ్యి పెట్టి ఒక గింజ తీస్తాం, చూసి మళ్లీ సంచిలోనే వేస్తాం. పోయినేడు నల్లది వచ్చింది కదా అని ఈయేడు అది సంచిలో లేకుండా పోదు. మళ్లీ నూటికి ఒకటే. వాగు ఒడ్డున ఇల్లు కట్టుకుంటే ముప్పై ఏండ్లు ఉంటాం, అంటే ముప్పైసార్లు చెయ్యి పెడతాం. ఒక్కసారైనా నల్ల గింజ తగిలే అవకాశం నూటికి 26. నాలుగిండ్లలో ఒక ఇల్లు అన్నట్టు. ఇప్పుడు భూమి వేడెక్కుతోంది, వేడి గాలి ఎక్కువ నీటిని మోస్తుంది, పెద్ద వానలు పెరుగుతాయని శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. సంచిలో నల్ల గింజలు రెండయ్యాయనుకుందాం. అప్పుడు ముప్పై ఏండ్లలో నూటికి 45. సగానికి దగ్గర.

ఊరికి పల్లంలో, వాగు పక్కన, చెరువు కట్ట కింద ఉండేది ఎవరి వాడ? ఆ సంచిలో చెయ్యి పెట్టేది ఎవరు? మిట్ట మీద గడిలో ఉన్నోడికి అది నూరేండ్ల కథ. మన వాడకు అది బొడ్డుకోసిన నాటి నుంచి కాటికి పోయేలోపు తగిలే సంగతి. ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని అదే పల్లంలో పునాది తీస్తుంటే సర్పంచును, ఎంపీడీవోను నిలబెట్టి అడగాల్సిన అంకె ఇది. "ముప్పై ఏండ్లకు లెక్క చెప్పండి సార్. మిట్ట మీద గవర్నమెంటు జాగా చూపండి." గొంతుతో అడిగితే గద్దిస్తారు. అంకెతో అడిగితే ఫైలు తీయక తప్పదు.

ఇక్కడ మనవాళ్లే ఒక మాట అడుగుతారు. సరైన మాటే. "అన్నీ లెక్కేసుకుంటే పోరాటం ఎట్లా చేస్తం? గెలిచే అవకాశం పదికి ఒకటే అని తేలితే ఇంట్ల కూసోవాల్నా?"

1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి వేలమందిని వెంట తీసుకొని నడిచిన అంబేద్కర్, గెలుపు రేపే అనుకొని నడవలేదు. బొంబాయి హైకోర్టులో ఆ చెరువు కేసు తేలేసరికి 1937 వచ్చింది. తక్కువ అవకాశమున్నా చేయాల్సిన పని చేయాల్సిందే. అవకాశం ఎంత అనేది ఒక ప్రశ్న, దానికోసం ఎంత ఇవ్వడానికి సిద్ధం అనేది ఇంకో ప్రశ్న. మొదటిది చింతగింజలు చెప్తాయి. రెండోది మన ఆత్మగౌరవం చెప్తుంది. రెండిటినీ కలిపి గందరగోళం చేసేది మన శత్రువులు. అట్రాసిటీ కేసు పెడతామంటే ఊరి పెద్దలు ఏమంటారు? "కేసు నిలవదు, ఉన్నది పోతది, రాజీ పడుండ్రి." వాళ్లు చెప్పేది అంచనా కాదు, బెదిరింపు. అంచనా అయితే అంకె చెప్పమనండి. ఇటువంటి పది కేసుల్లో ఎన్ని నిలిచాయి, పోయినవి ఏ మెట్టు మీద పోయాయి? చెప్పలేరు.

మనం మాత్రం చెప్పగలగాలి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసంటే ఒక్క గడప కాదు, గడప వెనక గడప. పోలీసులు సరైన సెక్షన్లు పెట్టాలి, సాక్షులు ఏండ్ల తరబడి నిలబడాలి, పైకోర్టులో తీర్పు ఆగాలి. ఒక్కో గడప దాటే అవకాశం పదికి ఏడు ఉందనుకుందాం. ఒక్కోటి చూస్తే ధైర్యంగానే ఉంటుంది. మూడూ దాటే అవకాశం ఎంత? ఏడును ఏడుతో, మళ్లీ ఏడుతో హెచ్చించి చూడండి. నూటికి 34. ఈ లెక్క ఇంట్లో కూచోమని చెప్పదు. ఎక్కడ బలం పెట్టాలో చెప్తుంది. సాక్షుల గడప ఏడు నుంచి తొమ్మిదికి పెరిగితే 34 కాస్తా 44 అవుతుంది. అంటే ఊరేగింపుకు పెట్టే ఖర్చులో కొంత సాక్షుల తిండికీ, బస్సు చార్జీలకూ, వాళ్ల పిల్లల హాస్టలు ఫీజుకూ పక్కన పెట్టాలి. కింది కోర్టు తీర్పు నాడే పైకోర్టు వకీలు కోసం చందా మొదలుపెట్టాలి.

ఇది ఎక్కడ మొదలుపెట్టాలి? సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, అంబేద్కర్ సంఘాల గదుల్లో. తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కల పుస్తకంలో సంభావ్యత అనే పాఠం ఉండనే ఉంది. పాచికలు, బొమ్మా బొరుసుతో అయిపోతుంది. పాచికలతో మన పిల్లలకు పనేముంది? వాళ్ల ఊరి బోర్లు లెక్కబెట్టించండి. అయితే మా ఆలోచనలో పుస్తకం పట్టుకోవాల్సింది పొదుపు సంఘాల అక్కలు. ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో రాసి దాచే అలవాటు ఇప్పటికే వాళ్లకుంది. ఒకటే నియమం గట్టిగా పాటించాలి. గింజలు పెట్టేటప్పుడు ఎవరూ ఎవరిదీ చూడొద్దు. డిగ్రీ చదివిన పిల్లగాడో, పార్టీ లీడరో ముందు నోరు తెరిస్తే మిగతా అందరి గింజలూ అటే పోతాయి. అందరూ పెట్టాక చర్చ. చర్చలో ముందు మాట్లాడాల్సింది అందరికంటే వేరుగా పెట్టిన మనిషి. ఎందుకట్లా పెట్టావో చెప్పక్కా అని అడగాలి. ఆ తర్వాత కావాలంటే గింజలు మార్చుకోవచ్చు. పాతదీ కొత్తదీ రెండూ రాయాలి, కొట్టివేతలు ఉండొద్దు.

ఉద్యమ నాయకుల మాటలు కూడా ఈ పుస్తకంలోకి ఎక్కాల్సిందే. "బహిరంగ సభకు లక్షమంది", "ఈ ఎన్నికల్లో మన జెండా" — తారీఖుతో సహా రాయండి, సభ నాడు తలలు లెక్కబెట్టండి. మాకు మినహాయింపు వద్దు.

మృగశిర కార్తెకు ముందే మొదలుపెడితే మంచిది. మొదటి పేజీకి ఐదు ప్రశ్నలు చాలు. జూన్ 20 లోపల విత్తనం వేసేంత వాన పడుతుందా? ఆగస్టు 15 లోపల పోచారం అలుగు పారుతుందా? మన వాడలో ఈయేడు వేసే బోర్లలో సగానికి మించి వచ్చే ఉగాదికి కూడా పోస్తాయా? ఉపాధి హామీ కూలి పదిహేను దినాల్లో పడుతుందా? వాడ మీదికి నీళ్లు రాకుండా కట్ట పోయిస్తామని మాటిచ్చిన ఆఫీసరు దసరాలోపు ఒక్క తట్ట మట్టైనా వేయిస్తాడా? ఐదో ప్రశ్నకు గింజలు పెట్టేటప్పుడు అక్కలు నవ్వుకుంటారు. నవ్వనివ్వండి, కానీ అంకె రాయించండి. దసరా తెల్లారి ఆ పేజీ జిరాక్సు తీసి దరఖాస్తుకు జతచేసి కలెక్టరేట్‌లో ప్రజావాణి నాడు ఇవ్వాలి.